అన్నయ్య వాళ్ళ సిస్టమ్

ఆసుపత్రిలో ఆమె అసలు పేరు జీతాల విభాగానికి తప్ప ఇంకెవరికీ గుర్తుండేది కాదు. అందరికీ ఆమె స్వెట్టరమ్మ. బయట ఎండ మాడు పగలగొడుతున్నా ఆమె ఒంటిమీద ఊదారంగు స్వెట్టరు ఉండాల్సిందే. ఎక్స్‌రే విభాగం దాటాక నడవా చివర ఉన్న సర్వర్ల గది ఆమెది. యంత్రాలు వేడెక్కకుండా ఉండాలని ఆ గదిని పగలూ రాత్రీ చల్లగా ఉంచుతారు. పనిమీద లోపలికి వెళ్ళిన వాళ్ళెవరైనా కాసేపటికే చేతులు రుద్దుకుంటూ బయటపడేవారు.

"అక్కా, మా వార్డు ఫ్రిజ్ పాడైంది. పాలు నీ గదిలో పెట్టుకోనా?" అని నర్సులు ఏడిపించేవారు.

"పెట్టుకో. తోడుకోకపోతే మాత్రం నన్నడగొద్దు" అనేది ఆమె.

మనిషి తక్కువ మాట్లాడేది. కానీ ఆ నడవాలో ఆమె అడుగుల చప్పుడు వినపడితే అందరికీ ధైర్యంగా ఉండేది. రోగి గుమ్మం దగ్గర పేరు చెప్పుకున్న క్షణం నుంచి రక్తపరీక్షలు, స్కానింగ్ బొమ్మలు, ఎవరికి ఏ మందు పడదు అన్న సంగతులు, అన్నీ ఆ గదిలోని యంత్రాల్లోకే చేరేవి. ఆ యంత్రాలు ఆగితే ఆసుపత్రి ఆగినట్టే.

ఆమె పెళ్ళి చేసుకోలేదు. ఆ మాట ఎత్తినప్పుడల్లా ఏదో ఒక సర్వర్ మొరాయించేదని, చివరికి తామే విసిగి ఎత్తడం మానేశామని వదిన వేళాకోళం ఆడేది. అన్నావదినలు కింద ఉంటే, మేడమీద గది ఆమెది. వంట మాత్రం ఒక్కచోటే. వాళ్ళ కూతురు పెళ్ళయి వేరే ఊరు వెళ్ళాక ఆ ఇంట్లో మిగిలింది ఈ ముగ్గురే.

అన్న ఆమెకంటే బాగా పెద్దవాడు. ఆమెకు తల నెరిసినా అతనికి ఇంకా బుల్లే. చదువైపోయి, ఉద్యోగం రాక, ఇంట్లో మూతి ముడుచుకుని కూర్చున్న రోజుల్లో ఆమెను తన పాత కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది అతనే.

"నేను తప్పు నొక్కితే?" అని అడిగింది ఆమె.

"పాడవుతుంది."

"మరి?"

"మళ్ళీ పెడదాం. పాడుచెయ్యందే నీకెలా వస్తుందే?"

అలా పాడుచేస్తూ, మళ్ళీ పెడుతూ నేర్చుకుంది. ఆమె నేర్చుకున్నది అన్నయ్య వాళ్ళ సిస్టమ్. పెద్ద సర్వర్లను నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ ఒకదాన్ని తయారుచేసే కంపెనీలో అతను పనిచేసేవాడు. యంత్రానికీ, దానిమీద నడిచే పనులకూ మధ్య నిలబడి ఎవరి వంతు ఎప్పుడో, ఎవరికి ఎంత చోటో చూసుకునేది ఆ సిస్టమే. అందులో డిస్కు మీద రాసి, మళ్ళీ చదివే భాగం అన్నా, అతని బృందమూ రాసింది. రాసిన ప్రతి ముక్కకూ ఒక గుర్తు పెట్టుకుని, చదివేటప్పుడు ఆ గుర్తుతో సరిచూసుకోవడం దాని ప్రత్యేకత. డిస్కు లోపల్లోపలే చెడిపోయి అబద్ధం చెబితే అది పట్టేసేది. మరో డిస్కులోని నకలు తీసి సరిదిద్దేది.

ఒకసారి రక్తనిధి వివరాలున్న డిస్కు అలాగే చెడిపోయింది. బయటికి అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తూనే లోపల కొన్ని అక్షరాలు మారిపోయాయి. ఒక మనిషి రక్తం రకం ఇంకో రకంగా చదవబడేదే. ఆ సిస్టమ్ దాన్ని పట్టుకుని, సరిచేసి, ఫలానా డిస్కు మార్చండని సందేశం పెట్టింది. ఆ సంగతి భోజనాల దగ్గర చెప్పినప్పుడు అన్న చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"ఏ రకం బదులు ఏ రకం చూపించేది?" అని అడిగాడు.

ఆమె చెప్పింది. అతను వదిన వైపు తిరిగి, "విన్నావా?" అన్నాడు.

"వింటున్నా. ముందు తినండి" అంది వదిన. కానీ ఆ మాట చాలాకాలం చుట్టాలందరికీ చెప్పుకుంది ఆవిడే.

ఆ తర్వాత కొన్నేళ్ళకు ఆ కంపెనీని మరో పెద్ద కంపెనీ కొనేసింది. కొత్త యజమానులు అందరినీ హాల్లో కూర్చోబెట్టి, ఏమీ మారదని చెప్పారు. అన్న ఇంటికొచ్చి ఆ మాటే చెప్పాడు. మొదట్లో నిజంగానే ఏమీ మారలేదు. గుమ్మం మీద పేరు మారింది, మెడలో వేసుకునే కార్డు రంగు మారింది, అంతే.

మార్పు స్వెట్టరమ్మకే ముందు కనిపించింది. ఆ సిస్టమ్ వాడేవాళ్ళందరూ ప్రశ్నలు అడిగేందుకు ఇంటర్నెట్‌లో ఒక వేదిక ఉండేది. పొద్దున అడిగితే సాయంత్రానికి ఎవరో ఒకరు జవాబిచ్చేవారు. ఆ జవాబులు రావడం ఆలస్యమైంది. తర్వాత ప్రశ్నలే తగ్గాయి. ఎప్పుడూ కనిపించే పేర్లు కొన్ని కనిపించకుండా పోయి, వేరే కంపెనీల్లో తేలాయి. సిస్టమ్ లోపలి రాతను, అంటే సోర్స్ కోడ్‌ను, అందరికీ చూపించే అలవాటు ఉండేది, దాన్ని చెప్పాపెట్టకుండా ఆపేశారు. రాబోయే ఏళ్ళలో ఏమేం వస్తాయో చెప్పే పేజీలో "కొనసాగుతుంది" అన్న మాట మిగిలింది, తేదీలు మాయమయ్యాయి.

ఆమె ఇవన్నీ చూస్తూ కూడా చాలాకాలం నోరు మెదపలేదు. అన్న కూడా ఎత్తలేదు. అప్పటిదాకా ఆ ఇంట్లో భోజనాల దగ్గర ఆ సిస్టమ్ గురించి తప్ప వేరే మాట ఉండేది కాదని వదిన గొణిగేది. ఇప్పుడు కూరలో ఉప్పు గురించి కూడా మాట్లాడుకోవడం మొదలయ్యేసరికి ఆవిడకు అనుమానం వచ్చింది.

"ఏమైంది మీ ఇద్దరికీ?"

"ఏమీ కాలేదే" అని ఇద్దరూ ఒకేసారి అన్నారు.

ఆసుపత్రిలో సర్వర్లు పాతబడ్డాయి. కొత్తవి తేవాలన్నారు. కొత్త యంత్రాలు వచ్చినప్పుడే వాటిమీద ఏ సిస్టమ్ ఉండాలో తేల్చుకోవాలి. ఒకసారి తేల్చుకుంటే మళ్ళీ చాలా ఏళ్ళు దాన్ని కదిలించలేరు. ఆసుపత్రి సూపరింటెండెంటు ఆమెను పిలిపించాడు. పెద్ద డాక్టరు, నెమ్మదస్తుడు. కంప్యూటర్ల సంగతి తనకు తెలియదని దాచుకునే మనిషి కాదు.

"మీ అన్నగారు పనిచేసే కంపెనీదే కదమ్మా మనది. అదే ఉంచుదామా?"

"ఆలోచించాలి సార్."

"బాగా లేదా అది?"

"చాలా బాగుంటుంది సార్. అంత మంచిది ఇంకోటి నేను చూడలేదు."

"మరి ఆలోచించడం దేనికి?"

ఆమె నీళ్ళు నమిలింది. ఆయన తన పద్ధతిలో అడిగాడు. "నేను ఒక మందు రాసేటప్పుడు అది మంచిదా అని ఒకటి చూస్తాను. వచ్చే ఏడాది కూడా అది దొరుకుతుందా అని ఇంకోటి చూస్తాను. జీవితాంతం వాడాల్సిన మందైతే రెండోదే పెద్ద ప్రశ్న. ఏదైనా ఆగిపోయిన రోజున మనం ఫోన్ చేస్తే అవతల ఎత్తేవాళ్ళు ఉంటారా? పది సంవత్సరాల తర్వాత కూడా?"

"కనుక్కుని చెప్తాను సార్" అంది.

ఆ ఆదివారం పొద్దున అన్న వరండాలో పేపరు చదువుకుంటుంటే ఆమె కాఫీ గ్లాసు తెచ్చి పక్కన కూర్చుంది.

"అన్నయ్యా, ఒకటడుగుతాను. నాకు నిజం చెప్పు."

"నీకెప్పుడే అబద్ధం చెప్పాను?"

"మీ సిస్టమ్‌ని మూసేస్తారా?"

అతను పేపరు మడిచాడు. మళ్ళీ విప్పాడు. "ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. ఎవరూ ఏమీ అనకపోవడమే భయంగా ఉంది."

"ముయ్యరు. అంత పెద్ద బ్యాంకులు, టెలిఫోన్ కంపెనీలు దానిమీద ఉంటే ఎలా మూస్తారు? కొత్త వెర్షన్ పని జరుగుతోంది. నేను చేస్తున్నాను కదా."

"మీ బృందంలో ఎంతమంది ఉన్నారిప్పుడు?"

అతను మళ్ళీ పేపరు మడిచి పక్కన పెట్టాడు. "నేనున్నానుగా బుల్లీ. నీ ఆసుపత్రికేమైనా అయితే నేను రానా?" అన్నాడు.

ఆమె ఆ మాటకు తలూపింది. కానీ పైకి వెళ్ళాక ఆ మాటే ముల్లులా గుచ్చుకుంది. పెద్ద డాక్టరు అడిగిన ఫోను ఎత్తేది ఒక్క మనిషి. ఆ మనిషి తన అన్న. అతనికి అప్పటికే యాభై దాటి చాలా ఏళ్ళయింది, మెట్లెక్కితే ఆయాసం.

ఆమె ముందున్న దారులు మూడు. ఒకటి, ఉన్నదాంట్లోనే ఉండిపోవడం. రెండోది, కంపెనీ లోపలి రాతను దాచకముందు తీసుకుని, దాన్ని సొంతంగా కొనసాగిస్తున్న కొందరు ఔత్సాహికుల వెంట వెళ్ళడం. అదీ మంచి సిస్టమే, అన్న రాసిన భాగం అందులో అలాగే ఉంది. కానీ చేసేవాళ్ళు గుప్పెడు మంది, అందరూ వేరే ఉద్యోగాలు చేసుకుంటూ ఖాళీ ఉన్నప్పుడు చేసేవాళ్ళు. మూడోది లినక్స్, ప్రపంచం నలుమూలల వాళ్ళూ కలిసి రాసే మరో ఆపరేటింగ్ సిస్టమ్. దానికి ఏ ఒక్క కంపెనీ యజమాని కాదు. ఎవరు పోయినా ఇంకెవరో ఉంటారు. నేర్చుకున్న పిల్లలు ఎక్కడ చూసినా దొరుకుతారు. అన్న రాసినంత జాగ్రత్తగా డిస్కును సరిచూసుకునే భాగం మాత్రం అందులో అప్పటికి స్థిరపడలేదు.

ఆమె మూడింటినీ పెట్టి చూసింది. ఏ ఒక్కదాన్నీ ముందే కొట్టిపారెయ్యలేదు. నెలల తరబడి పాత సర్వర్ ఒకదాన్ని పక్కన పెట్టుకుని, రోగుల వివరాలకు బదులు ఉత్తుత్తి వివరాలు నింపి, ఉన్నట్టుండి కరెంటు పీకి, డిస్కులు లాగేసి పరీక్షించింది. ప్రతి పరీక్షలోనూ అన్నయ్య వాళ్ళ సిస్టమే గెలిచింది. లినక్స్ ఒకసారి చెడిపోయిన ఫైలును ఉలుకూ పలుకూ లేకుండా తెచ్చి చేతిలో పెట్టింది.

తేల్చింది మాత్రం ఆ పరీక్షలు కాదు. రక్తపరీక్షల యంత్రాలు అమ్మేవాళ్ళు వచ్చి, తమ కొత్త సాఫ్ట్‌వేర్‌ను ఇకమీద అన్నయ్య వాళ్ళ సిస్టమ్‌కు తయారుచెయ్యబోమని చెప్పారు. రోగుల వివరాలు దాచే డేటాబేసును అమ్మేవాళ్ళు అంత సూటిగా చెప్పలేదు, పరిశీలనలో ఉందన్నారు. కొత్త సర్వర్లు తయారుచేసేవాళ్ళను అడిగితే, ఆ సిస్టమ్‌ను ఇంకా వాడుతున్నారా అని ఎదురు ప్రశ్న వేశారు. చెట్టు పచ్చగానే ఉంది, పక్షులన్నీ లేచిపోయాయి అనిపించింది ఆమెకు.

నివేదిక ఇచ్చే ముందురోజు అన్నకు చెప్పాలనుకుంది. ఇంకొకరి నోట వినకూడదని ఆమె పట్టుదల. మేడమీద కుండీలకు నీళ్ళు పోస్తున్నాడు. ఆ పని రోజూ అతనే చేసేవాడు.

"అన్నయ్యా, మేము లినక్స్‌కు వెళ్ళిపోతున్నాం."

అతను పోస్తున్న కుండీ నిండి, నీళ్ళు నేలమీదికి కారాయి. ఆమె వెళ్ళి అతని చేతిలోంచి గొట్టం తీసుకుంది.

"పరీక్షల్లో అది మెరుగ్గా వచ్చిందా?"

"లేదు. నీదే మెరుగు."

"మరెందుకే?"

"నీ తర్వాత ఎవరున్నారు అన్నయ్యా?"

అతను తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. ఒక్కొక్క వేలే తుడుచుకున్నాడు. "నీ పని నువ్వు చేశావు. నేనైనా అదే చేద్దును" అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఆ రెండో మాట అబద్ధమని ఇద్దరికీ తెలుసు. ఆమెకు అతను చెప్పిన మొదటి అబద్ధం అది.

కోపగించుకుంటే బాగుండుననుకుంది ఆమె. అతను కోపగించుకోలేదు. భోజనానికి పిలిస్తే వచ్చేవాడు, ఉద్యోగం ఎలా ఉందని అడిగేవాడు, బాగుందంటే సరే అనేవాడు. వదిన మాత్రం ఒకరోజు వంటింట్లో గిన్నెలు సర్దుతూ చెప్పేసింది.

"నీకు చెప్పొద్దన్నారు. చెప్పకపోతే నాకు నిద్ర పట్టేట్టు లేదు. వాళ్ళాఫీసులో మీటింగు పెట్టి, ఈ ఏడాది ఎవరెవరు వదిలి వెళ్ళిపోయారో గోడమీద వేసి చూపించారట. అందులో మీ ఆసుపత్రి ఉందట. ఎవరో నవ్వుతూ, మీ చెల్లెలే ఉంచుకోనిది మిగతావాళ్ళు ఎందుకు ఉంచుకుంటారండీ అన్నారట."

స్వెట్టరమ్మ చేతిలో ఉన్న గిన్నె మెల్లగా కింద పెట్టింది.

"అన్నయ్య ఏమన్నాడు?"

"ఏమంటారు? అందరితోపాటు నవ్వారట. ఇంటికొచ్చి పడుకున్నారు, తిండి వద్దన్నారు." వదిన ఇంకో గిన్నె బోర్లించింది. "నిన్ను తప్పుపట్టడం లేదే నేను. నాకు మీ యంత్రాల సంగతేం తెలుసు? కానీ ఆయన మొహం చూడలేకపోతున్నా."

పాత సర్వర్లలోంచి కొత్తవాటిలోకి వివరాలన్నీ మార్చే పని ఒక ఆదివారం పెట్టుకున్నారు. ఆ రోజు బయటి రోగులు ఉండరు. చిన్నాచితకా అంతా ముందే మార్చేసింది, మిగిలినవి స్కానింగ్ బొమ్మలు. పొద్దున మొదలుపెడితే సగం దూరం బాగానే సాగింది. తర్వాత ఆమె పెట్టుకున్న తనిఖీలో, ఇటు పంపిన బొమ్మకూ అటు చేరిన బొమ్మకూ పొంతన కుదరడం మానేసింది. అన్నీ కాదు, అక్కడొకటీ ఇక్కడొకటీ. తిరిగి పంపితే ఈసారి వేరేవి చెడుతున్నాయి. చెడిపోయినవాటిలో ఎవరి మెదడు స్కాన్ ఉందో, ఎవరి వెన్నెముక ఉందో. అన్నకు ఫోను చెయ్యాలని రెండుసార్లు తీసి, రెండుసార్లూ పెట్టేసింది. ఏ మొహం పెట్టుకుని అడుగుతుంది?

మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. చూస్తే అన్న. చేతిలో భోజనం క్యారేజీ ఉంది.

"మీ వదిన పంపింది" అన్నాడు. పొద్దున్నే ఆమె మొహం చూసి, తనే వండించుకుని బయల్దేరాడని తర్వాత వదిన చెప్పింది.

క్యారేజీ పక్కన పెట్టి, ఏమీ అడగకుండా తెర వైపు చూశాడు. "ఎక్కడ తేడా వస్తోంది?"

ఆమె చూపించింది. అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. చలికి మోచేతులు దగ్గరికి ముడుచుకుని, పెదాలు కదుపుతూ చదవడం మొదలుపెట్టాడు. చదవడంలో తప్పు లేదు, తన భాగం ప్రతి ముక్కనూ సరిచూసే ఇస్తోంది. రాసే చోటా తప్పు లేదు. మధ్యలో, పాత యంత్రం నుంచి కొత్తదానికి తీసుకెళ్ళే దారిలో ఎక్కడో మారిపోతోంది. ఇద్దరూ కలిసి ఒక్కొక్క తీగ తీసి చూశారు. చివరికి కొత్త సర్వర్‌లోని నెట్‌వర్క్ కార్డు ఒకటి వేడెక్కినప్పుడల్లా తప్పులు చేస్తోందని తేలింది. కార్డు మార్చారు. మళ్ళీ మొదలుపెడితే అన్నీ కుదిరాయి.

"పాతదైతే అటువైపు కూడా గుర్తు ఉండేది. వెంటనే అరిచేది" అన్నాడు అన్న. "ఇక్కడ వీళ్ళు చూసుకోరు. నువ్వే చూసుకోవాలి. వారం వారం సరిచూసేట్టు ఒకటి రాసిపెట్టుకో. నేను రాసిస్తాలే."

అక్కడే కూర్చుని రాసిచ్చాడు. తన సిస్టమ్‌ను కాదనుకుని తెచ్చుకున్నదానికి, తన సిస్టమ్ చేసే పనిని చేతనైనంతలో నేర్పించాడు. ఆమె పక్కన నిలబడి చూస్తోంది. కాసేపటికి స్వెట్టరు విప్పి అతని భుజాల మీద కప్పింది. వద్దనలేదు.

సాయంత్రానికి అంతా చేరింది. ఇక పాతవాటిని ఆపాలి. ఆమె కీబోర్డు అతని వైపు జరిపింది.

"నువ్వే చెయ్యి. నీ గది ఇది" అన్నాడు.

ఆమె ఆపింది. అతను లేచి వెళ్ళి పాత సర్వర్ పెట్టె మీద అరచెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. ఫ్యాన్లు ఒక్కొక్కటే నెమ్మదించి ఆగిపోయేదాకా అలాగే ఉన్నాడు. తర్వాత, "భోజనం చల్లారిపోయింది. వదినతో తిన్నావనే చెప్పు" అన్నాడు.

కంపెనీవాళ్ళు ఆ విభాగాన్ని మూసేసిన రోజు అన్న మధ్యాహ్నమే ఇంటికొచ్చాడు. ముందురోజు దాకా పని చేయించుకుని, పొద్దున అందరినీ ఒక గదిలోకి పిలిచి చెప్పారు. అతను సగంలో ఉన్న ఒక మరమ్మతు పూర్తిచేసి ఇస్తానన్నాడట. అక్కర్లేదన్నారు. ఇంట్లో ఆ సంగతి చెబుతూ, "సగంలో ఉందే అది. అలా వదిలేస్తే ఎవరికైనా దెబ్బ తగులుతుంది" అని పదేపదే అన్నాడు. ఉద్యోగం పోయిందన్న మాట ఒక్కసారే అన్నాడు.

ఆ తర్వాత చాలాచోట్లకు వెళ్ళాడు. ఎదురుగా కూర్చున్న పిల్లలు మర్యాదగానే మాట్లాడేవారు. మీరు రాసినది మేము చదువుకున్నామండీ అనేవారు కూడా. కానీ వాళ్ళకు కావలసినవి వేరు. స్వెట్టరమ్మ పెద్ద డాక్టరుతో మాట్లాడింది. ఆయన సంతోషంగా ఒప్పుకున్నాడు. ఇంటికొచ్చి అన్నకు చెబితే అతను నవ్వాడు.

"నువ్వు నా మీద ఆఫీసరువా? రోజూ లేటుగా వస్తాను మరి."

"రా. లేటుగానే రా."

"వద్దులేవే. ఆ యంత్రాల దగ్గర నాకేం పని?"

ఆమె మళ్ళీ అడగలేదు. మనసు చివుక్కుమంది కానీ, అడిగే హక్కు తనకు లేదనుకుంది.

అతను కింద గదిలో కూర్చుని, ఆ ఔత్సాహికులు కొనసాగిస్తున్న సిస్టమ్‌కు పని చెయ్యడం మొదలుపెట్టాడు. జీతం లేదు. సగంలో వదిలించిన ఆ మరమ్మతును గుర్తున్నంతవరకు మొదట్నుంచీ మళ్ళీ రాసి వాళ్ళకిచ్చాడు. ఎక్కడెక్కడివాళ్ళో కృతజ్ఞతలు చెబుతూ రాశారు. ఆ కొద్ది నెలలు ఇంట్లో మళ్ళీ గొంతు వినిపించింది. భోజనాల దగ్గర ఆ మాటలే. వదిన సంబరంగా విసుక్కునేది. చెల్లెలు ప్రశ్నలు అడిగేది, అతను జవాబులు చెప్పేవాడు. కానీ ఆసుపత్రిలో ఆ సిస్టమ్ లేదన్నది ఇద్దరి మధ్యా కూర్చునే ఉండేది. ఏదైనా బాగా కుదిరిందని చెప్పబోయి, "నీకిప్పుడు దీంతో పనిలేదనుకో" అని అతను ఆపేసేవాడు.

గుండె జబ్బు అతన్ని ముందునుంచీ వెంటాడుతూనే ఉంది. ఆయాసం ఎక్కువై ఆమె ఆసుపత్రిలోనే చేర్చారు. రోజూ రక్తం తీసేవారు, ఫలితాలు ఆమె గదిలోని యంత్రాల్లోకి వచ్చేవి. చూడాలంటే ఆమె అక్కడే చూడొచ్చు. చూసేది కాదు. డాక్టరు నోటితో చెప్పేదాకా ఆగేది. పని మధ్యలో వచ్చి మంచం పక్కన కూర్చునేది.

"వారం వారం సరిచూస్తున్నావా?" అని అడిగాడు ఒకరోజు. మాట బాగా బలహీనపడింది.

"చూస్తున్నా."

"ఏమైనా దొరికాయా?"

"ఒకటి దొరికింది. పోయిన నెల. నకలు పెట్టి సరిచేశాను."

"ఊఁ" అన్నాడు. కళ్ళు మూసుకున్నాడు. మొహంలో తృప్తి కనిపించింది. "మంచిదే బుల్లీ."

ఆమె ఆ చెయ్యి పట్టుకుని, తను అనాలనుకున్నది అనబోయింది. నిన్ను కాదనలేదు అన్నయ్యా, అని. అంతలో నర్సు ఇంజెక్షన్ పట్టుకుని వచ్చింది. తర్వాత చెబుదామనుకుంది. మర్నాడు పొద్దున ఆమె స్నానం చేస్తుండగా ఫోను వచ్చింది. వదిన ఎత్తింది.

అన్న పోయాక ఆమె పైగది ఖాళీచేసి కిందికి వచ్చేసింది. వదిన ఒక్కతే ఉండలేకపోతోందని అందరికీ చెప్పింది. ఉండలేకపోయింది నిజానికి ఇద్దరూ. కూతురు వచ్చి కొన్నాళ్ళుండి, తల్లిని తనతో రమ్మని పిలిచి చూసి, వెళ్ళిపోయింది. ఒకనాడు ఇద్దరూ ఆరేసిన బట్టలు మడతపెడుతుంటే వదిన అడిగింది.

"ఒక్కటడుగుతా, చెప్తావా? మీ ఆసుపత్రి అందులోనే ఉండిపోయుంటే, వాళ్ళు ముయ్యకపోదురా?"

"మూసేవాళ్ళే వదినా. మేమెంత?"

"అంతేనా?"

"అంతే. ఎప్పుడో తేల్చేసుకున్నారు. మేముంటే కదలలేక ఇరుక్కుపోయేవాళ్ళం."

వదిన చేతిలోని చీర అంచులు కలుపుతూ ఉండిపోయింది. "అయితే నువ్వు చేసింది సరే. కానీ ఎలాగూ మూసేదే అయినప్పుడు, ఆయన పక్కన ఇంకొన్నాళ్ళు నిలబడుంటే ఏం పోయేదే అనిపిస్తుంది నాకు. నాకు తెలియకే అనుకో."

స్వెట్టరమ్మ మడతపెట్టిన తువ్వాలును విప్పి మళ్ళీ మడతపెట్టింది. ఆసుపత్రి కోసం ఎన్ని కారణాలు చెప్పగలదో అన్నీ సరైనవే. వాటిలో ఒక్కటి కూడా ఈ ప్రశ్నకు పనికిరాదు.

కొన్నేళ్ళు గడిచాయి. లినక్స్‌లో రకాలుంటాయి, ఒక్కో రకాన్ని ఒక్కొక్కరు తయారుచేసి నిలబెడతారు. ఆమె అప్పట్లో అన్నివిధాలా విచారించి, చాలాకాలం ఉంటుందని మాటిచ్చినవాళ్ళ రకాన్ని తీసుకుంది. ఒకరోజు పొద్దున ఆమె గదిలో కూర్చుని వార్తలు చూస్తుంటే, ఆ రకాన్ని ఇక ఆపేస్తున్నామని ప్రకటన కనిపించింది. చెప్పిన గడువుకు చాలా ముందే. కారణాలు చక్కటి మాటల్లో రాశారు. ఆమె దాన్ని రెండుసార్లు చదివింది.

పెద్ద డాక్టరు అప్పటికి పదవీ విరమణకు దగ్గరపడ్డాడు. "మళ్ళీ మొదటికొచ్చామన్నమాట. ఏం చేద్దామమ్మా?"

"మారుద్దాం సార్. ఈసారి అంత కష్టం కాదు. దగ్గర దగ్గర ఒకేలాంటివి ఉన్నాయి."

అది నిజమే. లినక్స్‌కు వెళ్ళినందుకే ఈసారి దారి సులువైంది. ఆమె అప్పట్లో వేసిన లెక్క తప్పలేదు. ఆ మాట తనకు తాను చెప్పుకుంటూ ఇంటికి నడిచింది. బస్సు ఎక్కాలని గుర్తురాలేదు.

ఆమె మొహం చూడగానే వదిన నీళ్ళు తెచ్చిచ్చింది. "ఏమైందే?"

ఆమె చెప్పింది. వదినకు అర్థమయ్యేలా, ఒక్కొక్క మాటే.

"అంటే, ఆయన్ని కాదని తెచ్చుకున్నది కూడా పోయిందా?"

"పోయింది వదినా."

వదిన ఖాళీ గ్లాసు తీసుకుని చేతిలో తిప్పుతూ కూర్చుంది. "ఆయన ఉంటే నవ్వేవారేమో."

"నవ్వడు" అంది ఆమె. "కుర్చీ లాక్కుని కూర్చునేవాడు. ఏమేం ఉన్నాయో చెప్పు, చూద్దాం అనేవాడు."

అన్న పోయినప్పుడు కూడా నలుగురిలో కళ్ళు తుడుచుకుని ఊరుకున్న మనిషి, ఆ సాయంత్రం వంటింటి గడపలో కూలబడి, వదిన ఒళ్ళో తలపెట్టుకుని ఏడ్చింది. నెరిసిన ఆ తలను నిమురుతూ వదిన, చీకటిపడేదాకా లైటు వెయ్యకుండా అలాగే కూర్చుంది.

మర్నాడు స్వెట్టరమ్మ మామూలు వేళకే ఆసుపత్రికి వెళ్ళింది. పరీక్షించడానికి పాత సర్వర్ ఒకటి పక్కకు తీయించి, ఎదురుగా ఉన్న దారులేమిటో ఒంటరిగా చూసుకోవడం మొదలుపెట్టింది.